నాటితే మొలిచే సాఫ్ట్‌వేర్

బడి ల్యాబ్‌లో కంప్యూటర్లు ఎందుకు మూలపడతాయి? ఓపెన్ సోర్స్ వాటిని ఎలా లేపుతుంది?

2025 అక్టోబరు 14న ప్రపంచంలో ఏ కంప్యూటరూ కాలిపోలేదు, ఏ చిప్పూ పగల్లేదు. అయినా ఆ ఒక్క రోజుతో కోట్ల కంప్యూటర్లు పాతవాటి లెక్కలోకి వెళ్ళిపోయాయి. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ ఆ రోజుతో ఆపేసింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా ఇటీవలి తరానిది కావాలి. 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. ముందు రోజు దాకా లెక్కలు చేసి, ఉత్తరాలు రాసి, బొమ్మలు చూపిన యంత్రమే తెల్లారేసరికి ఎందుకు పనికిరానిదైంది?

బెజవాడ నుంచి బందరు వెళ్ళే రోడ్డు మీద కంకిపాడు దాటితే ఉయ్యూరు వస్తుంది. ఈ రోడ్డు పొడవునా ఉన్నత పాఠశాలలు, కాలేజీలు ఉన్నాయి. ఈ ఒక్క దారిలోనే అని కాదు, రాష్ట్రంలో ఎక్కడైనా సరే, ఎప్పుడో ఒకసారి కంప్యూటర్లు కొన్న ప్రతి బడికీ ఈ ప్రశ్న తగులుతుంది. కొత్తవి కొనడానికి డబ్బు ఉండదు. పాతవి నడవవు. గదికి తాళం పడుతుంది. ఆ తాళం పడడానికి కారణం తెలిస్తే, దాన్ని తీసే దారి కూడా తెలుస్తుంది.

కంప్యూటర్‌కు ముసలితనం ఎక్కడిది?

ముందు యంత్రం సంగతి. ప్రాసెసర్‌లో కదిలే భాగాలేమీ లేవు. దుమ్ము పట్టి వేడెక్కకుండా చూసుకుంటే, పదేళ్ళ నాటి ప్రాసెసర్ కొన్న రోజు ఎంత వేగంగా లెక్కలు కట్టిందో ఈ రోజూ దాదాపు అంతే వేగంగా కడుతుంది. అరిగిపోయేవి వేరే ఉన్నాయి: గిరగిరా తిరిగే హార్డ్ డిస్క్, ఫ్యాన్, మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ, కీబోర్డు, మౌస్. ఇవన్నీ విడిగా మార్చుకోగలిగినవే.

మరి నెమ్మదితనం ఎక్కడి నుంచి వస్తోంది? ఏదైనా ప్రోగ్రాం తెరవగానే అది హార్డ్ డిస్క్ నుంచి ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలోకి వస్తుంది. ప్రాసెసర్ పని అంతా ర్యామ్‌తోనే. ఆపరేటింగ్ సిస్టం కొత్త రూపం వచ్చినప్పుడల్లా కొత్త హంగులు చేరతాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే ర్యామ్‌లో ఎక్కువ భాగాన్ని అదే ఆక్రమిస్తుంది. మిగిలిన కొద్ది చోటులో బ్రౌజర్ తెరిచామంటే ర్యామ్ నిండిపోతుంది. అప్పుడు ఆపరేటింగ్ సిస్టం, వెంటనే అక్కర్లేని సమాచారాన్ని తీసి హార్డ్ డిస్క్ మీద దాస్తుంది. దాని అవసరం పడగానే మళ్ళీ లోపలికి తెచ్చి, ఇంకొకటి బయటికి పంపుతుంది.

ఇక్కడే చిక్కు. తిరిగే డిస్క్ మీద కావలసిన చోటికి లోపలి సూది జరగడానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. వినడానికి తక్కువే. కానీ ఇలాంటి రాకపోకలు వేలల్లో జరిగితే నిమిషాలు గడిచిపోతాయి. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది, పీరియడ్ అయిపోతుంది. ప్రాసెసర్ అలసిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి అది డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చుని ఉంటుంది.

రెండో ముసలితనం భద్రతకు సంబంధించింది. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పులుంటాయి. వాటిలో కొన్ని దొంగలు చొరబడేంత పెద్దవి. తప్పు బయటపడినప్పుడల్లా తయారీదారు సవరణ పంపుతాడు. సవరణలు ఆగిపోయాయంటే, ఆ తర్వాత బయటపడే ప్రతి తప్పూ అలాగే ఉండిపోతుంది. ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపడం ప్రమాదం. మరి వేరెవరైనా ఆ తప్పును సరిదిద్దవచ్చు కదా? దిద్దలేరు. ఎందుకో తెలియాలంటే సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుందో చూడాలి.

పంచదార ఒకటి, చెరకు ముచ్చె ఒకటి

ప్రోగ్రామర్లు సాఫ్ట్‌వేర్‌ను మనిషి చదవగలిగే భాషలో రాస్తారు. 'మార్కులు 35 కంటే తక్కువైతే ఈ పని చెయ్యి, లేకపోతే ఆ పని చెయ్యి' అన్న తీరులో వరసగా సూచనలుంటాయి. దీన్నే సోర్స్ కోడ్ అంటారు. కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం ఈ రాతను ప్రాసెసర్‌కు అర్థమయ్యే సున్నాలు, ఒకట్ల వరసగా మారుస్తుంది. మనం డబ్బు పెట్టి కొనే చాలా సాఫ్ట్‌వేర్లలో మన చేతికి వచ్చేది ఈ సున్నాల, ఒకట్ల ముద్ద మాత్రమే. దాన్ని వాడుకోవచ్చు. అందులో తప్పెక్కడుందో చదివి దిద్దడం మాత్రం దాదాపు అసాధ్యం.

దశాబ్దాలుగా చక్కెర కర్మాగారం ఉన్న ఉయ్యూరులో ఈ తేడా ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. పంచదార తియ్యగా ఉంటుంది, కానీ నాటితే మొలవదు. అయిపోతే మళ్ళీ కొనాల్సిందే. చెరకు ముచ్చెకు, అంటే నాటడానికి కొట్టిన ముక్కకు, కళ్ళుంటాయి. ఒక తోటలో కొట్టిన ముచ్చెలతో ఇంకొన్ని ఎకరాలు నాటుకోవచ్చు, పక్క రైతుకు ఇవ్వచ్చు. ఉయ్యూరు చెరకు పరిశోధన స్థానంలో రూపొందిన 83 వి 15 లాంటి రకాలు జిల్లాలు దాటి పాకింది ఇలాగే. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ పంచదార లాంటిది. సోర్స్ కోడ్‌తో సహా చేతికొచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ముచ్చె లాంటిది. మళ్ళీ మొలిపించుకునే శక్తి దానిలోనే ఉంటుంది.

సోర్స్ కోడ్‌ను చదివి, దిద్ది, పంచుకునే హక్కు అందరికీ ఉండాలని అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1989లో వచ్చిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు ఆ హక్కుకు చట్టబద్ధమైన రూపం ఇచ్చింది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ అయిన కెర్నల్‌ను రాసి బయటపెట్టాడు. మరుసటి ఏడాది దాన్ని అదే లైసెన్సు కిందికి తెచ్చాడు. అదే లినక్స్. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను నడిచేది దాని మీదే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి. బీదబడులకు సరిపెట్టే రెండో రకం సరుకు అనుకోవడానికి వీల్లేదు.

బాక్స్ 1: నాలుగు స్వేచ్ఛలు

స్టాల్‌మన్ చెప్పిన 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అనిపించుకోవాలంటే దాన్ని వాడేవారికి నాలుగు హక్కులుండాలి.

1. ఏ పనికైనా వాడుకునే హక్కు. పది కంప్యూటర్లలో వేసినా వెయ్యింటిలో వేసినా ఒకటే.
2. అది ఎలా పనిచేస్తోందో చదివి, తనకు తగ్గట్టు మార్చుకునే హక్కు.
3. నకళ్ళు తీసి ఇతరులకు పంచే హక్కు. ఉపాధ్యాయుడు పెన్‌డ్రైవ్‌లో పెట్టి పిల్లల ఇళ్ళకు పంపినా అది దొంగకాపీ కాదు.
4. తాను మెరుగుపరచిన రూపాన్ని నలుగురికీ ఇచ్చే హక్కు.

మొదటిది, మూడోది బడికి డబ్బు మిగులుస్తాయి. రెండోది, నాలుగోది పిల్లలకు చదువు నేర్పుతాయి.

పాత యంత్రం లేచి నిలబడేది ఇలా

సోర్స్ అందరి చేతిలో ఉంది కాబట్టి, ఒక కంపెనీ 'ఇక చాలు' అన్నంత మాత్రాన పాత యంత్రాల కథ ముగియదు. తక్కువ ర్యామ్‌తో నడిచే రూపాలను తయారుచేసే బృందాలు ప్రపంచమంతా ఉన్నాయి. లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అలాంటివే. మన దేశంలో సీడ్యాక్ అనే ప్రభుత్వ సంస్థ 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. భారతీయ భాషలతో పాటు, బడుల కోసం ఎడ్యుబాస్ అనే ప్రత్యేక రూపం కూడా దానిలో ఉంది.

పని క్రమం ఇదీ. మొదట లినక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాలి. పాత కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేసి చూడాలి. హార్డ్ డిస్క్‌లో ఉన్నదేదీ చెడదు. తెర, శబ్దం, కీబోర్డు, ప్రింటర్ అన్నీ పలుకుతున్నాయో లేదో ముందే తేలిపోతుంది. అన్నీ సరిగ్గా ఉంటే, పాత ఫైళ్ళను వేరే చోట భద్రపరచి, అప్పుడు శాశ్వతంగా ఎక్కించాలి.

రెండో అడుగు, తిరిగే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయడం. అందులో కదిలే సూది ఉండదు. సమాచారం కోసం ఎదురుచూసే సమయం నూరో వంతు సెకను నుంచి పదివేలో వంతుకు, అంతకంటే తక్కువకు కూడా పడిపోతుంది. మనం ముందు చూసిన రాకపోకల చిక్కు చాలావరకు ఇక్కడే తీరుతుంది. మూడోది, వీలైతే ర్యామ్‌ను 4 జీబీకి పెంచడం. 2 జీబీతో కూడా రాయడం, బొమ్మలు గీయడం, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం సాగుతాయి. కానీ ఇప్పటి వెబ్ పేజీలు బరువైనవి, వాటికి 4 జీబీ కావాల్సిందే.

ఇంకో లాభం కంటికి కనపడదు. పెన్‌డ్రైవ్‌లతో బడికొచ్చే వైరస్‌లలో ఎక్కువభాగం విండోస్ కోసం రాసినవి. అవి లినక్స్‌లో నేరుగా నడవవు. పైగా పాస్‌వర్డ్ ఇవ్వకుండా విద్యార్థి ఖాతా నుంచి సిస్టం ఫైళ్ళను ముట్టుకోవడం కుదరదు. లినక్స్‌కు అసలు ప్రమాదమే లేదని కాదు, దానికీ సవరణలు పెట్టుకోవాలి. తేడా ఏమిటంటే, ఆ సవరణలకు రుసుము లేదు.

ఒక మంచి కంప్యూటర్, ఇరవై పాతవి

హార్డ్ డిస్క్ పూర్తిగా పోయిన కంప్యూటర్లనూ వాడుకోవచ్చు. ఎల్‌టీఎస్‌పీ అనే ఓపెన్ సోర్స్ ఏర్పాటు 1999 నుంచి ఈ పనే చేస్తోంది. గదిలో ఒక్క కంప్యూటర్ మాత్రం కొంచెం బలమైనది ఉండాలి. దాన్ని సర్వర్ అందాం. మిగిలినవి కేబుల్‌తో దానికి కలిసి ఉంటాయి.

పాత కంప్యూటర్ ఆన్ చేయగానే దాని నెట్‌వర్క్ కార్డు 'నాకు ఆపరేటింగ్ సిస్టం ఎవరిస్తారు?' అని కేబుల్ మీద అడుగుతుంది. సర్వర్ బదులిచ్చి దానికి ఒక చిరునామా కేటాయిస్తుంది. తర్వాత కెర్నల్‌ను పంపుతుంది. ఆ కెర్నల్ పాత కంప్యూటర్ ర్యామ్‌లో మేలుకుని, మిగిలిన ప్రోగ్రాములను అవసరమైనప్పుడల్లా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. లోపల డిస్క్ లేకపోయినా తెర వెలుగుతుంది.

ల్యాబ్ చూసుకునే ఉపాధ్యాయుడికి దీనివల్ల పెద్ద ఊరట. ఇరవై కంప్యూటర్లలో ఇరవై సార్లు సాఫ్ట్‌వేర్ వేయనక్కర్లేదు. సర్వర్‌లో ఒక్కసారి వేస్తే అన్నింటికీ వచ్చేస్తుంది. పిల్లలు పొరపాటున ఏదైనా చెరిపేసినా, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మొదటికొస్తుంది. పిల్లల ఫైళ్ళు సర్వర్‌లో వాళ్ళ పేరు మీద ఉంటాయి కాబట్టి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తమ పని తమకు దొరుకుతుంది. అయితే సర్వర్ ఒక్కటి ఆగితే గది మొత్తం ఆగుతుంది. అందుకే దానికి యూపీఎస్ ఉండాలి, లోపలి సమాచారానికి వేరే నకలు ఉండాలి.

ఇంటర్నెట్ ఆగినా ఆగని పాఠం

కృష్ణా డెల్టాలో తుఫాను వస్తే మొదట పోయేది కరెంటు, ఆ వెంటనే ఇంటర్నెట్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ నగరంలోనే ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ లాంటి ప్రయత్నాలతో ఊళ్ళకు ఇంటర్నెట్ చేరింది, నిజమే. కానీ నలభై మంది పిల్లలు ఒకేసారి వీడియో చూస్తే ఒక మామూలు కనెక్షన్ తట్టుకోవడం కష్టం. ఒకే వీడియోను నలభై సార్లు దూరం నుంచి తెప్పించుకుంటున్నాం, అదీ ఇబ్బంది.

పరిష్కారం సూటిగానే ఉంది. ఆ పాఠాన్ని ఒక్కసారి తెచ్చి బడిలోనే దాచి, అక్కడి నుంచి అందరికీ పంచాలి. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థ ఇందుకోసమే కొలిబ్రి అనే ఓపెన్ సోర్స్ వేదికను తయారుచేసింది. దాని తెర మీది మాటలు తెలుగులోనూ ఉన్నాయి. ఇంటర్నెట్ ఉన్న చోట పాఠాలు దింపుకోవాలి. బడికి తెచ్చి సర్వర్‌లో పెట్టాలి. ఒక వైఫై రూటర్ కలిపితే పిల్లలు కంప్యూటర్ నుంచో ఫోను నుంచో ట్యాబ్ నుంచో బ్రౌజర్‌లో ఆ పాఠం తెరుస్తారు. సమాచారం గది దాటి బయటికి పోదు, డేటా ఖర్చు సున్నా. విజ్ఞాన సర్వస్వానికి కివిక్స్ అనే ప్రోగ్రాం ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మొత్తంగా ఒక ఫైలుగా దింపుకుని ఇంటర్నెట్ లేకుండా చదవవచ్చు.

ఈ సర్వర్ పెద్దది కానవసరం లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్‌ను 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో 35 డాలర్లకు విడుదల చేశారు. పిల్లలు కంప్యూటర్‌ను లోపలి నుంచి తెలుసుకోవాలన్నదే దాని ఉద్దేశం. మామూలు పనికి అది తీసుకునే కరెంటు సుమారు 5 వాట్లు. మానిటర్‌తో కలిపి పాత డెస్క్‌టాప్‌కు వంద వాట్ల దాకా కావాలి. అంటే చిన్న బ్యాటరీ మీద, చిన్న సౌర పలక మీద కూడా బడి సర్వర్ రోజంతా నడుస్తుంది.

బాక్స్ 2: ల్యాబ్‌లో ఏమేం పెట్టుకోవచ్చు?

చిన్న తరగతులకు: బొమ్మలు గీయడానికి టక్స్ పెయింట్, అంకెలు, అక్షరాలు ఆడుతూ నేర్చుకోవడానికి జీకాంప్రి.

సైన్సుకు: నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ ప్రయోగాలు. విద్యుత్ వలయం, కాంతి వక్రీభవనం లాంటివి తెర మీదే చేసి చూడవచ్చు. చాలావాటికి తెలుగు రూపాలున్నాయి.

ప్రోగ్రామింగ్‌కు: 2007లో ఎంఐటీ విడుదల చేసిన స్క్రాచ్, ఆ తర్వాత పైథాన్.

రాతకోతలకు, మార్కుల పట్టికలకు: లిబ్రే ఆఫీస్. తెలుగు మెనూలు ఉన్నాయి.

తెలుగు అక్షరం ఎందుకు చెదిరిపోతుంది?

ఒక కంప్యూటర్‌లో చక్కగా టైపు చేసిన తెలుగు ప్రశ్నపత్రం ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు గుర్తులుగా కనిపించడం చాలామంది ఉపాధ్యాయులకు అనుభవమే. కారణం ఇది. పాత డీటీపీ పద్ధతుల్లో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవారు. ఫైలులో నిజంగా ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. ఆ ఫాంటు లేని కంప్యూటర్ వాటిని ఇంగ్లీషుగానే చూపిస్తుంది. అందులో తెలుగు పదం వెతకడం కూడా కుదరదు.

1991లో వచ్చిన యూనికోడ్ తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలిచ్చింది. 'స్త్రీ' అన్న పదం కంప్యూటర్ లోపల ఆరు గుర్తుల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. వీటిని పక్కపక్కన పెడితే సరిపోదు. వత్తులు కిందికి జారాలి, గుడిదీర్ఘం పైకెక్కాలి. ఈ కూర్పు పని చేసే ప్రోగ్రాం హార్ఫ్‌బజ్, అది ఓపెన్ సోర్స్. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడుకుంటున్నాయి. ఒకచోట తెలుగు వత్తు తప్పు దిద్దితే, ఆ దిద్దుబాటు వాటన్నింటికీ అందుతుంది.

అక్షరాల రూపాలనూ తెలుగువాళ్ళే పంచిపెట్టారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, గురజాడ వంటి ఫాంట్లను సిలికానాంధ్ర అందరికీ విడుదల చేసింది. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి తెలుగులో పలికే ఆపరేటింగ్ సిస్టంను తీర్చిదిద్దారు. ఏ కంపెనీకీ తెలుగు మెనూల మీద పెద్ద లాభం కనిపించకపోవచ్చు. సోర్స్ తెరిచి ఉంటే ఆ లాభం కోసం కాచుక్కూర్చోవలసిన పని లేదు, మన భాషను మనమే చేర్చుకోవచ్చు.

చేసి చూపినవాళ్ళు

కేరళ ప్రభుత్వం 2001లో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. కొన్నేళ్ళలోనే బడులన్నింటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళించింది. ఆ ప్రాజెక్టే 2017లో కైట్ అనే సంస్థగా మారింది. ఉబుంటు అనే లినక్స్ రూపం ఆధారంగా తమ బడులకు సొంత ఆపరేటింగ్ సిస్టంను కైట్ తయారుచేసుకుంది. రెండు లక్షల కంప్యూటర్లలో దాన్ని వేయడం వల్ల లైసెన్సుల రూపంలో సుమారు 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయని 2019లో లెక్క చెప్పింది. అంతకంటే విలువైన విషయం ఒకటుంది. అక్కడ కంప్యూటర్ శిక్షణ ఇచ్చేది బయటి కంపెనీ మనుషులు కారు, శిక్షణ పొందిన బడి ఉపాధ్యాయులే. పాఠ్యపుస్తకం, ఆపరేటింగ్ సిస్టం, పరీక్ష మూడూ ఒకదానికొకటి అతికినట్టుంటాయి.

తెలుగు నేల మీద ఇంతకు దగ్గరి ఉదాహరణ తెలంగాణలో ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి 2015లో క్లిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. దానిలో భాగమైన నాలుగు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ల్యాబుల్లో ఓపెన్ సోర్స్ వేదికను స్థానిక సర్వర్‌లో పెట్టారు. గణితం, సైన్సు, ఇంగ్లీషు పాఠాలు తెలుగులోనూ ఇచ్చారు. చతుర్భుజాల లక్షణాలను ఆటగా నేర్పే పాఠం అందులో ఒకటి. పిల్లలు తెర ముందు కలిసి కూర్చుని, వాదించుకుంటూ నేర్చుకోవడానికి పెద్దపీట వేశారు. ఈ ప్రయత్నానికి 2017 సంవత్సరపు యునెస్కో కింగ్ హమద్ బహుమతి దక్కింది.

ఒక్క సంస్థ మీదే ఆధారపడితే

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు బైజూస్ అనే కంపెనీ పాఠాలు నింపిన ట్యాబ్‌లు 5 లక్షలకు పైగా పంచింది. పేద ఇళ్ళ పిల్లల చేతికి ఇంత పెద్ద ఎత్తున పరికరాలు చేరడం చిన్న విషయం కాదు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక కంపెనీ మంచిచెడ్డలను ఇక్కడ తూచడం లేదు. ఏ కంపెనీకైనా మంచిరోజులు, చెడ్డరోజులు ఉంటాయి. కానీ పిల్లల పాఠం ఒక్క సంస్థ చేతిలోనే ఉంటే, ఆ సంస్థ కష్టం పిల్లల కష్టమవుతుంది. సిలబస్ మారినప్పుడు పాఠం దిద్దే హక్కు బడికి ఉండదు.

దీనికి బదులు ఇంకో నమూనా మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష వేదిక 2017 సెప్టెంబరు 5న మొదలైంది. దాని వెనక ఉన్న సన్‌బర్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. ఏ రాష్ట్రమైనా తన పాఠాలను చేర్చుకోవచ్చు, ఉపాధ్యాయులు రాసి పంపవచ్చు. బడుల్లో ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించాలని 2012 నాటి జాతీయ ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) విధానం చెప్పింది. ప్రభుత్వ కార్యాలయాల్లో దానికే ప్రాధాన్యం ఇవ్వాలని 2015 కేంద్ర విధానం చెప్పింది. కాగితం మీద దారి ఎప్పుడో పడింది, ఇక దాని మీద నడవాలి.

ఉచితం అంటే ఖర్చే లేదని కాదు

లైసెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు. కానీ కేబుళ్ళు, బ్యాటరీలు, ఎస్ఎస్‌డీలు, మనిషి సమయం వీటన్నిటికీ ఖర్చుంటుంది. మిగిలిన లైసెన్సు డబ్బును ఉపాధ్యాయుల శిక్షణకు, మరమ్మతులకు మళ్ళించకపోతే ఓపెన్ సోర్స్ ల్యాబ్‌కూ తాళం పడుతుంది. కొన్ని పాత ప్రింటర్లు, స్కానర్లు లినక్స్‌తో సరిగా కలవవు, ముందే పరీక్షించాలి. విండోస్‌లో మాత్రమే నడిచే శాఖాపరమైన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే ఆఫీసు గదిలో ఒక కంప్యూటర్‌ను దానికోసం ఉంచుకోవడమే తెలివి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. రేపు ఉద్యోగంలో ఎక్సెల్, ట్యాలీ కావాలి కదా, వీటితో లాభమేమిటి? పట్టికలో సూత్రం రాయడం, వరస మార్చడం, గ్రాఫు గీయడం లిబ్రే ఆఫీస్‌లో నేర్చుకున్న పిల్లవాడు ఎక్సెల్‌కు మారడానికి కొద్ది రోజులు చాలు. పైగా ఈ రోజు 8వ తరగతిలో ఉన్న అమ్మాయి ఉద్యోగంలో చేరేసరికి ఇప్పటి మెనూలేవీ అలాగే ఉండవు. ఆలోచించే పద్ధతి ఒక్కటే మిగులుతుంది.

చవక పరికరం ఒక్కటే సరిపోదన్న పాఠం కూడా మన దేశానికి తెలుసు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ ట్యాబ్లెట్‌ను గొప్పగా విడుదల చేసింది. ధర చాలా తక్కువ. కానీ తొలి రూపంలో తెర సరిగా స్పందించలేదు, వేగం లేదు, బ్యాటరీ నిలవలేదు. పాఠం, ఉపాధ్యాయుడు, మరమ్మతు చేసే మనిషి ఈ మూడూ పరికరంతో పాటే రావాలి.

ఉయ్యూరులో మొదలుపెట్టాలంటే

ఉయ్యూరుకు మనుషుల కొరత లేదు. ఊళ్ళోనే ఏజీ అండ్ ఎస్‌జీ సిద్ధార్థ డిగ్రీ కళాశాల ఉంది. ఇదే బందరు రోడ్డు మీద కానూరులో 1977లో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన విద్యాసంస్థ ఉంది. ఉయ్యూరు చక్కెర కర్మాగారాన్ని నడిపించిన వెలగపూడి రామకృష్ణ పేరే ఆ కళాశాలకు పెట్టారు. ఇక్కడి నుంచి వెళ్ళి అమెరికాలో, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నవాళ్ళు ఏ వీధిలో అడిగినా దొరుకుతారు.

మొదట ఒక బడి, ఒక గది ఎంచుకోవాలి. ఉన్న కంప్యూటర్లను మూడు గుంపులుగా విడదీయాలి: అలాగే నడిచేవి, భాగాలు మారిస్తే నడిచేవి, విడిభాగాలకు పనికొచ్చేవి. మూడో గుంపులోని ర్యామ్, కీబోర్డు రెండో గుంపుకు చేరతాయి. డిగ్రీ విద్యార్థులు బడి ఉపాధ్యాయుల్లో కనీసం ఇద్దరి పక్కన కూర్చుని ఈ పని చేయాలి. వాళ్ళు చేసిపెట్టి వెళ్ళిపోతే ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది. ఒక్కరికే నేర్పితే ఆ ఒక్కరికి బదిలీ అయిన రోజున ల్యాబ్ కూడా ఆగిపోతుంది. ప్రతి సమస్యనూ, దాన్ని తీర్చిన పద్ధతినీ తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాయాలి. 9వ తరగతి పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్ళకు స్క్రూడ్రైవర్ ఇచ్చి పాత పెట్టె విప్పించాలి. ర్యామ్ ఏదో, ప్రాసెసర్ ఏదో చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు కంప్యూటర్‌కు భయపడరు. ఒక విద్యా సంవత్సరం గడిచాక ఆ నోటు పుస్తకం నకలు, తయారైన సర్వర్ నకలు పక్క ఊరి బడికి ఇవ్వాలి. వాటిని ఆపే లైసెన్సు ఏదీ లేదు.

ఇకమీదట బడికి ఏ సాంకేతిక పరికరం వచ్చినా, దాతలు ఇచ్చినా ప్రభుత్వం ఇచ్చినా, ప్రధానోపాధ్యాయులూ బడి కమిటీలూ నాలుగు ప్రశ్నలు అడగాలి. దీన్ని మన బడిలోనే విప్పి బాగుచేయగలమా? ఇచ్చిన సంస్థ రేపు లేకపోయినా ఇది నడుస్తుందా? ఇందులో పాఠాన్ని మన ఉపాధ్యాయులు తెలుగులో మార్చగలరా? దీని నకలు పక్క బడికి ఇవ్వగలమా? జవాబులు కాగితం మీద రాయించుకోవాలి. నాలుగింటికీ 'అవును' వచ్చిన పరికరం పాతదైనా పిల్లలకు మేలు చేస్తుంది. ఒక్కదానికీ 'అవును' రాకపోతే, చేతికి ఉచితంగా వచ్చినా దాని ఖరీదు తర్వాత ఆ పిల్లలే కట్టాల్సి వస్తుంది.